కూకట్‌పల్లి బాగుపడింది, మరి అక్కడివాళ్లు? అపోహలు - వాస్తవాలు

ఇంటింటి సర్వేలు చేయించడం నా పని. హైదరాబాద్ పడమటి కాలనీల్లో చాలా మెట్లు ఎక్కాను. అక్కడి జనం గురించి, ఆదాయాల గురించి తరచూ వినే మాటల్లో కొన్ని సరిచేయాలనిపించి రాస్తున్నాను.

అపోహ: జనాభా లెక్కలు చూస్తే ఏ కాలనీ ఆదాయం ఎంతో తెలిసిపోతుంది.

వాస్తవం: 2011 జనగణనలో ఆదాయం గురించిన ప్రశ్నే లేదు. గోడలు, పైకప్పు, నీళ్లు, టీవీ, స్కూటర్, కారు, ఇలాంటివి అడిగారు. సంపాదన, ఖర్చు అడిగే జాతీయ శాంపిల్ సర్వేలు వేరే ఉన్నాయి. అవి రాష్ట్రం మొత్తానికి పనికొస్తాయి గానీ ఒక కాలనీ లెక్క చెప్పలేవు. బ్రోచర్‌లో ‘ఈ ఏరియా సగటు ఆదాయం’ అని అంకె కనిపిస్తే ఎక్కడిదో అడగండి.

అపోహ: ఏరియా బాగుపడిందంటే అక్కడివాళ్లు బాగుపడ్డట్టే.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట ఇదే. 1998లో దగ్గర్లోనే ఐటీ ఆఫీసుల భవనం సైబర్ టవర్స్ తెరిచారు. 2007లో కూకట్‌పల్లి హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీలో కలిసింది, 2017లో మెట్రో వచ్చింది. అద్దెలు పెరుగుతూనే ఉన్నాయి. ఒక సందులో పది ఇళ్లు, ఇంటికి నెలకు 20 వేల ఆదాయం అనుకోండి. అద్దె కట్టలేక నాలుగు కుటుంబాలు ఖాళీ చేశాయి. ఆ ఇళ్లలో నెలకు లక్ష వచ్చేవాళ్లు దిగారు. సందు సగటు 52 వేలకు చేరింది. మిగిలిన ఆరు కుటుంబాలకు మాత్రం రూపాయి పెరగలేదు. అందుకే నేను సగటుతో ఆగను, ఆదాయాలను వరుసగా పేర్చి నడిమి ఇంటిది చూస్తాను. ఇక్కడ అది ఇప్పటికీ 20 వేలే. ఖాళీ చేసినవాళ్లు ఏమయ్యారో మా ఫారంలో ఉండదు, ఎందుకంటే తలుపు తీసేది కొత్తగా దిగినవాళ్లు.

అపోహ: నాలుగంతస్తుల ఇల్లుంటే డబ్బున్నవాళ్లే.

వాస్తవం: కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ కేపీహెచ్‌బీలో, తక్కువ ఆదాయం వాళ్లకు ఆ బోర్డు కట్టిన ఎల్‌ఐజీ ఇళ్లున్నాయి. అలాంటి ఒక చిన్న స్థలంలో ఇప్పుడు నాలుగంతస్తులు లేచాయి. మెట్ల కింద ఏడు కరెంటు మీటర్లు. ఓనర్లు ఫ్యాక్టరీలో రిటైరైన పెద్దాయన, ఆయన భార్య. ఉండేది వెనక ఒక్క గదిలో. “పై అద్దెలే మా తిండి బాబూ” అన్నారావిడ. రెండో అంతస్తులో ముగ్గురు కుర్రాళ్లు ఒకే వంటగది వాడుకుంటున్నారు. పొయ్యి ఒకటైతే లెక్కలో కుటుంబం ఒకటే, కాబట్టి మూడు జీతాలూ కలిసి ఒకే ‘కుటుంబ ఆదాయం’ అయిపోతాయి.

అపోహ: బయటివాళ్లొచ్చి స్థానికులను వెళ్లగొట్టారు.

వాస్తవం: ఇప్పుడు స్థానికులం అనుకునేవాళ్లలోనూ ఎంతోమంది ఐడీపీఎల్, బీహెచ్‌ఈఎల్ లాంటి ప్రభుత్వ ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలకని ఊళ్లు వదిలి వచ్చినవాళ్లే. అద్దెకుండేవాడికి, సొంతిల్లున్నవాడికి జరిగింది మాత్రం ఒకటి కాదు.

అపోహ: జనగణనకు వచ్చినవాళ్లకు అద్దెకున్నవాళ్ల పేర్లు చెబితే ఇంటి ట్యాక్స్ పెంచుతారు.

వాస్తవం: తర్వాతి జనగణనకు లెక్క తేదీ 2027 మార్చి 1. జనగణన చట్టం, 1948 ప్రకారం మీరిచ్చే వివరాలు రహస్యం, వాటిని కోర్టులో సాక్ష్యంగా కూడా వాడకూడదు. మీ పై గదిలో ఉండే కుర్రాళ్లను కూడా రాయించండి. నీళ్లు, బస్సులు ఎంతమందికి కావాలో తేల్చేటప్పుడు వాళ్లూ లెక్కలో ఉండాలి.