సార్టింగ్‌ను మధ్యలో ఆపడం ఎందుకంత కష్టమైంది?

అంకెలను వరసలో పెట్టే సార్టింగ్ లాంటి ఒక అల్గారిథమ్‌ను బ్రౌజర్‌లో స్టెప్ బై స్టెప్ కదిలించి చూపించాలి. కోడ్‌ను మధ్యమధ్యలో ఆపుతూ పోవాలా, లేక ముందే మొత్తం నడిపేసి, స్టెప్పులన్నీ రాసిపెట్టుకుని తర్వాత ఆడించాలా? ఈ పేచీ మళ్లీ రేగింది. బ్రౌజర్‌లో నడిచే భాష జావాస్క్రిప్ట్ గురించి ఇక్కడ ఒక్క ముక్క తెలిస్తే చాలు: పేజీలో కోడ్ నడిపేదీ, తెర మీద బొమ్మ గీసేదీ మామూలుగా ఒకే థ్రెడ్, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా పనులు చేసే ఒకే వరస. పట్టుకున్న పని పూర్తయ్యేదాకా తెర కదలదు.

అందుకే కొత్తగా రాసేవాళ్లందరికీ ఒకే అనుభవం ఎదురవుతుంది. పక్కపక్క అంకెలను పోల్చి సర్దే బబుల్ సార్ట్ లూప్‌లో ప్రతి స్వాప్ (రెండు అంకెల తారుమారు) తర్వాత, అంకెలను చూపే స్తంభాలు గీసే లైన్ పెడతారు. బటన్ నొక్కగానే పేజీ బిగుసుకుపోతుంది. కాసేపటికి స్తంభాలన్నీ వరసగా సర్దుకుని ఒక్కసారే కనిపిస్తాయి. 1995 నాటి జావా ఆప్లెట్లకు, అంటే వెబ్ పేజీలో నడిచే చిన్న జావా ప్రోగ్రాములకు, ఈ బాధ లేదు. జావా సృష్టికర్త జేమ్స్ గోస్లింగ్ రాసిన సార్టింగ్ డెమోలో అల్గారిథమ్ వేరే థ్రెడ్‌లో నడిచేది. కావలసిన చోట పాజ్ అంటే ఆగేది.

జావాస్క్రిప్ట్‌లో చాలాకాలం, ఒక పనిని కాసేపాగి చేయమని టైమర్‌కు చెప్పే సెట్‌టైమ్‌అవుటే దిక్కు. బబుల్ సార్ట్‌ను ఎలాగోలా ముక్కలు చేయొచ్చు. అంకెలను రెండు భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగం మీద తనను తానే మళ్లీ పిలుచుకునే (దీన్నే రికర్షన్ అంటారు) క్విక్‌సార్ట్ దగ్గరే చిక్కంతా. రికర్షన్ ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుపెట్టుకునేది కాల్ స్టాక్, అంటే ఇంకా పూర్తికాని ఫంక్షన్ పిలుపుల దొంతర. మిగతా పని టైమర్‌కు అప్పజెప్పి ఫంక్షన్ బయటికొచ్చేస్తే ఆ స్టాక్ పోతుంది. ఇక ఎడమ, కుడి హద్దులను మనమే ఒక అరేలో (జాబితాలో) పెట్టుకుంటూ, తీసుకుంటూ రాసుకోవాలి. నేర్పడానికే రాసిన కోడ్, నేర్చుకునేవాళ్లు గుర్తుపట్టలేనట్టు తయారయ్యేది. నా దృష్టిలో అసలు నష్టం అదే.

దాన్ని తీర్చింది 2015. ఆ జూన్‌లో వచ్చిన ఎక్మాస్క్రిప్ట్ (జావాస్క్రిప్ట్ అధికారిక ప్రమాణం) జనరేటర్లను, అంటే మధ్యలో ఆగి మళ్లీ అక్కడినుంచే సాగగల ఫంక్షన్లను, తెచ్చింది. ఫంక్షన్ అన్న మాట పక్కన ఒక స్టార్, స్వాప్ జరిగిన చోట ‘ఇక్కడ ఆగు’ అనే యీల్డ్, తనను తాను పిలుచుకునే చోట యీల్డ్ స్టార్. అంతే, క్విక్‌సార్ట్ క్విక్‌సార్ట్‌లాగే ఉంటుంది. నెక్స్ట్ అని పిలిచినప్పుడల్లా ఒక స్టెప్ నడిచి ఆగుతుంది, ఈలోపు బ్రౌజర్ బొమ్మ గీసుకుంటుంది. తెర గీసే ప్రతిసారీ మన ఫంక్షన్‌ను పిలిచే రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్‌కు తగిలిస్తే 60 హెర్ట్జ్ తెర మీద సుమారు 16.7 మిల్లీసెకన్లకు ఒక స్టెప్. పాజ్ కావాలన్నా, రీసెట్ కావాలన్నా పిలవడం మానేస్తే సరి.

2017 ప్రమాణంలో, ఒక ఫలితం వచ్చేదాకా ఫంక్షన్‌ను ఆపి ఉంచే అసింక్, అవెయిట్ చేరాక చాలామంది అటు మళ్లారు. రాయడం తేలికే. కానీ అప్పటికే తీరిపోయిన ప్రామిస్ (తర్వాత వచ్చే ఫలితానికి గుర్తు) మీద అవెయిట్ పెడితే తెర కదలదు, ఎందుకంటే అలాంటి కొనసాగింపు పనులైన మైక్రోటాస్కులన్నీ అయ్యాకే తెర గీయడానికి వంతు వస్తుంది. మధ్యలో రీసెట్ నొక్కితే పాత సార్ట్ దానంతట అది ఆగదు. కొత్తదానితో కలిసి అదే అరేను కెలుకుతుంది.

ముందే రికార్డు చేయాలనేవాళ్ల బలమంతా వెనక్కి వెళ్లే బటన్‌లో ఉంది. స్టెప్పుల జాబితా ఉంటే ఇండెక్స్ (జాబితాలోని స్థానం నంబర్) ఒకటి తగ్గిస్తే చాలు, జనరేటర్ మాత్రం వెనక్కి నడవదు. ఆ మాట నిజమే. అయితే ఆ జాబితా తయారు చేయడానికి కూడా జనరేటర్ పనికొస్తుంది. యీల్డ్ అయిన ప్రతి స్వాప్‌లోని రెండు ఇండెక్స్‌లను ఒక అరేలో పోగేసుకుంటే, వెనక్కి రావడానికి అదే స్వాప్ ఇంకోసారి చేస్తే సరిపోతుంది.