గట్టు మీది ఆకు, గాయం లోతు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో కొడవలి తెగినా, మోకాలు దోక్కుపోయినా ముందుగా వెతికేది చేనిగట్టున నేలబారుగా పాకే గడ్డి చామంతినే. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దుకున్న తరం దీనిని పలక తుడిచే ఆకుగా కూడా ఎరుగును. ఆకు అంచులు రంపపు పళ్లలా ఉంటాయి, తాకితే గరుకుగా తగులుతుంది. పొడవాటి సన్నని కాడ చివర, పసుపుపచ్చని నడిమి భాగం చుట్టూ తెల్లని రేకులతో చిన్న పువ్వు పూస్తుంది. నాలుగాకులు అరచేతిలో నలిపి, పసరు గాయం మీద పిండి, పిప్పిని పైన అదిమితే కాసేపటికి నెత్తురు కట్టుకుంటుంది.

ఇంతగా మనదైపోయిన ఈ మొక్క పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతం. సుశ్రుతుడి కాలానికి ఇది మన దేశంలో లేదు కనుక, ఈ వైద్యం ప్రాచీన గ్రంథాల నుంచి దిగివచ్చినది కాదు. పొలం పనులు చేసుకునేవారు వాడి చూసి, ఫలితం కనబడితే నిలుపుకొన్నది. వేల ఏళ్ల నాటిదంటే తప్ప గౌరవించని మన అలవాటు ఇలాంటి పరిశీలనకు అన్యాయమే చేస్తుంది.

పసరులో వగరునిచ్చే టానిన్లు గాయం పైభాగంలోని మాంసకృత్తులతో కలిసి పలుచని పొరగా బిగుసుకుంటాయి. అయితే వేలితో అదిమిపట్టడం వల్ల నెత్తురు ఆగడం కూడా ఆకు ఖాతాలోనే పడుతుందని గమనించాలి. ఈ మొక్క సారం ఎలుకల గాయాల్లో లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము చురుకుదనాన్ని పెంచినట్లు 1991లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. కొత్త కణజాలంలోని కొల్లాజెన్ పోగులు ఒకదానితో ఒకటి ముడిపడి బలం పుంజుకోవడానికి ఆ ఎంజైమే ఆధారం. కానీ ప్రయోగశాలలో తీసిన సారం వేరు, గట్టు మీద మట్టితో సహా నలిపిన ఆకు వేరు.

పసుపు విషయంలోనూ ఇలాంటి తేడా ఒకటి మరుగున పడింది. గాయాలకు పసుపు వాడకంపై 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును మన దేశపు శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ సవాలు చేయగా 1997లో రద్దయింది. అక్కడ తేలింది ఆ వాడకంలో కొత్తదనం లేదనే. పసుపు గాయాన్ని ఎంత త్వరగా మాన్పుతుందన్నది వేరే ప్రశ్న.

గాయాలకు రాసే కలబంద గుజ్జులోనూ అత్యధిక భాగం నీరే. ఆ తడికీ విలువ ఉంది: ఆరనివ్వకుండా పలుచని పొరతో కప్పిన పైపై గాయాలపై, గాలికి వదిలేసిన వాటికంటే దాదాపు రెట్టింపు వేగంగా కొత్త చర్మం పరుచుకుందని జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు 1962లో పందులపై చేసిన ప్రయోగంలో చూపాడు.

పైపై గాయానికి మేలు చేసే ఆ కప్పి ఉంచడమే లోతైన గాయానికి చేటు తెస్తుంది. సర్కారు తుమ్మ ముల్లు (అదీ అమెరికా నుంచి వచ్చినదే) పాదంలో లోతుగా దిగితే పైన కనిపించేది చిన్న రంధ్రమే. మట్టిలోనూ పశువుల పేడలోనూ ఉండే ధనుర్వాత బీజాలు ప్రాణవాయువు అందని చోటనే మొలకెత్తి విషాన్ని విడుదల చేస్తాయి. కడగని పసరు ముద్ద ఆ బీజాలను మోసుకొచ్చే అవకాశం ఉండగా, రంధ్రాన్ని మూసి కూర్చుంటుంది కూడా. అలాంటి గాయాన్ని పారే నీటితో, సబ్బుతో కడిగి, పైన ఏమీ మెత్తకుండా ధనుర్వాతపు టీకా కోసం ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. మధుమేహంతో పాదాలు మొద్దుబారినవారికి ముల్లు దిగిన సంగతే తెలియకపోవచ్చు కాబట్టి, వారు పొలం నుంచి రాగానే అరికాళ్లు చూసుకోవడం అవసరం.