0.3010 తర్వాత ఏముంది?

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలో పొద్దున పీహెచ్ (నీళ్ల ఆమ్లతను చెప్పే కొలత) 7.9 ఉండి, ఎండ బాగా కాసిన రోజు సాయంత్రానికి 8.2 అయిందంటే వింతేమీ కాదు. నీళ్లలోని ప్లాంక్టాన్, అంటే తేలియాడే సూక్ష్మ మొక్కలు, పగలంతా కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటుంది, దాంతో ఆమ్లత తగ్గుతుంది. 0.3 తేడాయే కదా అనుకుంటాం. కానీ ఆలోపు నీళ్లలో హైడ్రోజన్ అయాన్లు సగానికి పడిపోయాయి. 1909లో డెన్మార్క్‌కు చెందిన సోరెన్‌సెన్ పెట్టిన ఈ కొలత ఆ అయాన్ల గాఢతకు 10 ఆధారంగా తీసే లాగ్, గుర్తు తిప్పి రాసింది; అందుకే అవి తగ్గితే ఇది పెరుగుతుంది. లాగ్ అంటే 10ని ఎంత ఘాతానికి పెంచితే ఆ సంఖ్య వస్తుందో అది. 2కి లాగ్ 0.3010. ఒంగోలులోనో నెల్లూరులోనో ఇంటర్ సైన్స్ చదివినవాళ్లకు ఇది ఎక్కాల్లాగా నోటికొచ్చు.

అసలు ఆ సంఖ్య అక్కడ ఆగదు: 0.30102999566398... ఇలా పోతూనే ఉంటుంది. ఆగదని ఎలా తెలుసు? లాగ్ 2 ఒక భిన్నం అయితే, 10ని ఏదో ఒక ఘాతానికి పెంచితే వచ్చేది 2 ఘాతాల్లోనూ ఎక్కడో దొరకాలి. 10 ఘాతాలు సున్నాతో ముగుస్తాయి. 2 ఘాతాలు 2, 4, 8, 6తో తప్ప ముగియవు. అంతే, దొరకదు. 1, 10, 100 లాంటివి మినహా ఏ పూర్ణసంఖ్య లాగ్‌లోనూ అంకెలు ముగియవు, ఒకే వరసలో తిరిగి రావు.

మరి వీటిని మొదట ఎవరు లెక్కగట్టారు? 1614లో స్కాట్లండ్‌లో గణితజ్ఞుడు నేపియర్ అచ్చువేసిన లాగ్ పట్టికలు 10 ఆధారంగా చేసినవి కావు. లండన్ ప్రొఫెసర్ హెన్రీ బ్రిగ్స్ అవి చూసి, మరుసటి ఏడాదే ఎడిన్‌బరో వెళ్లి ఆయన్ను కలిశాడు. 1కి లాగ్ సున్నా, 10కి లాగ్ 1 ఉండాలని అనుకున్నారు. నేపియర్ పోయిన 1617లోనే బ్రిగ్స్ 1 నుంచి 1000 వరకు లాగ్‌లను 14 దశాంశ స్థానాలకు వేశాడు. తర్వాత పెద్ద పట్టిక కోసం 10కి వర్గమూలం, దానికి మళ్లీ వర్గమూలం, ఇలా 54 సార్లు తీశాడు, అదీ చేత్తో! మనకు రెండుసార్లు తీస్తేనే తల తిరుగుతుంది. ప్రధాన సంఖ్యల లాగ్‌లు దొరికితే మిగతావి కూడికలే: 6కి కావాలంటే 2, 3ల లాగ్‌లు కలిపితే సరి.

ఆ పెద్ద పట్టిక వేసిన 1624 పుస్తకంలో బ్రిగ్స్ 20,000 నుంచి 90,000 మధ్య ఖాళీ వదిలేశాడు. 1628లో డచ్ వ్యక్తి వ్లాక్ దాన్ని పూరించాడు, కానీ 10 స్థానాలకే. అక్కడి నుంచి అంకెలు రాలుతూ వచ్చాయి. 1827లో ఇంగ్లండ్ గణితజ్ఞుడు బాబేజ్ వేసినవి 7 స్థానాలు. మన ఇంటర్ లాగ్ టేబుల్స్‌లో 4.

ఈ కోతకు ఖరీదు ఉంది. వెయ్యి 2లను ఒకదానితో ఒకటి గుణిస్తే 302 అంకెల సంఖ్య వస్తుందని 0.3010 (దాన్ని 1000తో గుణించి 1 కలిపితే) సరిగ్గానే చెబుతుంది. లక్ష 2లను గుణిస్తే 30,101 అంకెలంటుంది. నిజానికి 30,103.

గుంట గట్టు మీద మీటరు చూపించేది మాత్రం పాయింటు తర్వాత ఒక్క అంకే. చవక రకం మీటర్లలో దానికీ 0.1 అటూ ఇటూ తేడా ఉంటుంది.