గుండు గీసింది ఎవరికి?

పిల్లలూ,

శత్రుదేశపు సైనికుణ్ణి ప్రేమిస్తే దేశద్రోహమేనా అని అడిగారు కదా. సినిమాల్లో అయితే రెండు పాటల్లో తేలిపోతుంది. నిజంగా జరిగితే ఏమవుతుందో నార్వేలో చూడండి.

1940 ఏప్రిల్ 9న హిట్లర్ సైన్యం అక్కడ దిగి, 1945 మే దాకా తిష్ఠ వేసింది. దేశ జనాభా సుమారు 30 లక్షలు. సైనికులేమో ఒక దశలో 3 లక్షలు దాటారు. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు, అదే ఈడు అమ్మాయిలు ఏళ్ళ తరబడి ఒకే వీధిలో ఎదురుపడుతుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? జర్మన్ తండ్రులకు పుట్టిన పిల్లలే పది, పన్నెండు వేల మంది ఉంటారని అంచనా. అందరిదీ ప్రేమే అనను. ఆకలి, భయం కూడా ఉండే ఉంటాయి.

యుద్ధం ముగిసింది. జనం ఆ అమ్మాయిల్ని పట్టుకుని నలుగురిలో గుండు గీశారు. కొందర్ని అధికారులే క్యాంపుల్లో పెట్టారు. రహస్యాలు అమ్మినవాళ్ళను శిక్షించడానికి కోర్టులున్నాయి, సరే. కానీ జర్మన్‌తో తిరగడం అక్కడ చట్టప్రకారం నేరమే కాదు! అయినా జర్మన్లను పెళ్ళాడిన ఆడవాళ్ళ పౌరసత్వం తీసేసి, చాలామందిని జర్మనీకి పంపేశారు. జర్మన్ అమ్మాయిలను చేసుకున్న నార్వే మగవాళ్ళు 28 మంది ఉన్నారు. ఒక్కణ్ణీ పంపలేదు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. దేశం పరువంతా ఆడపిల్ల జడలోనే ఉన్నట్టు!

స్వీడన్ పాప్ బ్యాండు 'ఆబా' గాయని అన్నీ-ఫ్రిద్ అలాంటి జంటకే 1945 నవంబర్‌లో పుట్టింది. తండ్రి అప్పటికే జర్మనీ వెళ్ళిపోయాడు. అమ్మమ్మ పసిదాన్ని స్వీడన్ తీసుకెళ్ళిపోయింది. తల్లి 1947లోనే పోయింది. తండ్రి ఓడ మునిగి చనిపోయాడనే అనుకుంటూ ఆ పిల్ల పెరిగింది. 1977లో జర్మనీలో కుర్రకారు చదివే 'బ్రావో' పత్రిక ఆమె వివరాలు వేసింది. అందులో తండ్రి పేరు చూసి ఆయన కుటుంబంవాళ్ళు గుర్తుపట్టారు. అలా ముప్పై దాటాక కూతురు మొదటిసారి తండ్రిని చూసింది. చనువు మాత్రం పెద్దగా కుదరలేదు. ఎలా కుదురుతుంది, పాపం!

ఆ పిల్లలు పడ్డ కష్టాలకు నార్వే ప్రధాని 2000 నూతన సంవత్సర ప్రసంగంలో క్షమాపణ చెప్పారు. తల్లులకు చెప్పడానికి మాత్రం ఇంకో 18 ఏళ్ళు పట్టింది. 2018లో అప్పటి ప్రధాని ఎర్నా సోల్బర్గ్ ఆ మాట అనేటప్పటికి, వినాల్సిన వాళ్ళలో చాలామంది లేరు.

మీ అమ్మమ్మ