పళ్ళు లేని కోడి, రెండుసార్లు తినే కుందేలు

ఉలవపాడు దగ్గర ఒక మామిడి తోటలో గొర్రు, గుంటక, రోలు, తిరగలి లాంటి పాత సామాను రేకుల షెడ్డులో దాచిపెట్టారు. పక్కనే నాటుకోళ్లు, కుందేళ్లు. పిల్లలు ముట్టుకుని చూడొచ్చు. సంక్రాంతి సెలవుల్లో మా అక్క కొడుకును తీసుకెళ్లాను. వాడు తిరగలి తిప్పీ తిప్పీ అలసిపోయి కోళ్ల దగ్గరికి వచ్చాడు.

"మామా, కోడి రాళ్లు తింటా ఉంది!"

నిజమే, ఇసుకలోంచి ఏరుకుని మరీ మింగుతోంది. కోడికి పళ్ళు లేవు. గింజను అట్లాగే మింగుతుంది. అది మెడ కింద సంచిలో కాసేపు నాని, ఆమ్లం ఊరే చిన్న జీర్ణాశయం దాటి కందనకాయలో పడుతుంది. మనం వేపుడు చేసుకునే కందనకాయే. కోసి కడిగేటప్పుడు లోపల పసుపుపచ్చ పొర ఒలుస్తాం, ఇసుకా రాళ్లూ బయటపడతాయి. ఆ గట్టి కండ బిగుస్తూ వదులవుతూ ఉంటే రాళ్ల మధ్య గింజలు నలుగుతాయి. వాడు తిప్పిన తిరగలి పనే. ఆ పసుపు పొర లేకపోతే రాళ్ల రాపిడికి కందనకాయ గోడే పుండు పడేది.

కుందేలుకు 28 పళ్ళు. అన్నీ బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్ళయితే ఏడాదికి సుమారు 10 సెంటీమీటర్లు. గడ్డి నమిలి అరగదీసుకోకపోతే అవి వంకర తిరిగి, తిండే తినలేదు. పైవరస ముందు పళ్ళ వెనకాల ఇంకో చిన్న జత ఉంటుంది. ఎలుకలకు అది లేదు. కుందేళ్లను ఎలుకల వర్గం నుంచి 1912లో విడదీశారు.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం దాని పొట్ట. గడ్డిలోని పీచును సూక్ష్మజీవులు పులియబెడితేనే అరుగుతుంది. షెడ్డు బయట నెమరేస్తున్న ఒంగోలు ఎద్దుకు ఆ పులిసే తొట్టి పొట్ట ముందు భాగంలో ఉంది. అక్కడ తయారైంది తర్వాత పేగుల్లో ఒంటికి పడుతుంది. కుందేలుకు ఆ తొట్టి చిన్నపేగు దాటాక ఉంది! అక్కడ పుట్టిన మాంసకృత్తులు, బి విటమిన్లు చాలావరకు వృథాగా బయటికి పోవాలి. అందుకే కుందేలు వాటిని జిగురు పూత ఉన్న మెత్తటి ఉండలుగా వదిలి, నేల మీద పడకముందే నోటితో అందుకుని మింగేస్తుంది. గూట్లో మనకు కనిపించే గట్టి పెంటికలు వేరు.

"ఛీ" అన్నాడు మావాడు. ఛీ కాదు నాన్నా, అది తిననివ్వకపోతే దానికి పోషకాలు కరువవుతాయని చెప్పాను.

వాడు క్యారెట్లు తెచ్చాడు. "ఒక ముక్క చాలబ్బయ్యా, గరిక పెట్టు" అన్నాడు తోట పెద్దాయన. తీపి ఎక్కువైతే ఆ సూక్ష్మజీవుల పొందిక చెడి కడుపు పాడవుతుంది. చెవులు పట్టుకుని ఎత్తబోతే కూడా ఆయనే ఆపాడు. అవి పట్టుకోడానికి ఇచ్చిన పిడులు కావు. వాటి నిండా రక్తనాళాలు, మన ఎండల్లో ఒంటి వేడి బయటికి పోయే ముఖ్యమైన దారి అదే. ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి వెనక కాళ్ల కింద పెట్టి ఎత్తాలి.

వాడు గట్టు మీద గరిక పీక్కొచ్చి ఒక్కో పోచ అందించాడు. కుందేలు కింది దవడను పక్కలకు ఆడిస్తూ నమిలింది. "మామా, ఇది కూడా తిరగలే" అన్నాడు.