మెన్యాన్ ఉంటాడా, పోతాడా? మిలాన్ గొడవ మొదలైంది మాల్దీనీని పంపిన రోజునే

2026 జనవరిలో ట్రాన్స్‌ఫర్ విండో, అంటే ఆటగాళ్లను కొనుక్కునే, అమ్ముకునే గడువు, తెరిచిన రోజులవి. ఏసీ మిలాన్ గోల్‌కీపర్, కెప్టెన్ మైక్ మెన్యాన్ ఒప్పందం ఆ ఏడాది జూన్ 30తో అయిపోవాల్సి ఉంది. చివరి ఆరు నెలల్లోకి వచ్చిన ఆటగాడు తనకు నచ్చిన విదేశీ క్లబ్‌తో నేరుగా మాట్లాడుకోవచ్చు. అతను అలా వెళ్లిపోతే పాత క్లబ్‌కు పైసా రాదు. అందుకే ఇటలీ పత్రికల్లో రోజుకో పుకారు. 2025 జూన్‌లో చెల్సీ అతని కోసం గట్టిగానే ప్రయత్నించింది, ధర కుదరక బేరం తెగిపోయింది. జట్టు ఫార్వర్డ్ లెయావో పేరు సరేసరి, విండో తెరిచినప్పుడల్లా అతన్ని ఎవరో ఒకరు కొనేస్తూనే ఉంటారు.

ఈ గొడవంతా జట్టు బాగా ఆడుతున్న రోజుల్లోనే నడిచింది. 2024-25లో ఎనిమిదో స్థానంలో ముగించిన మిలాన్ 2025-26లో కోచ్ మాస్సిమిలియానో అల్లెగ్రి చేతుల్లో టైటిల్ పోటీలోకి వచ్చింది. మన దగ్గర అర్ధరాత్రి దాటాక ఒంటిగంటా పావుకు మొదలైన 2025 నవంబర్ డెర్బీలో సొంత ఊరి ప్రత్యర్థి ఇంటర్‌ను 1-0తో ఓడించింది. గోల్ పులిసిచ్‌ది. రెండో సగంలో హకాన్ చాల్హనోలు కొట్టిన పెనాల్టీని ఆపి గెలుపు నిలబెట్టింది మెన్యాన్. అలాంటి ఆటగాడి సంతకం ఇంకా ఎందుకు పడలేదన్నది అభిమానుల ప్రశ్న. దాని వెనక ఇంకో ప్రశ్న ఉంది. అతని ఎదురుగా కూర్చుని, ఆటగాడు ఆటగాడితో మాట్లాడినట్టు మాట్లాడగల మనిషి ఈ క్లబ్‌లో ఎవరు?

ఆ మనిషి ఉండేవాడు. 2023 జూన్ 5న ఇంటికి పంపించేశారు.

పాత యజమాని బెర్లుస్కోనీ నాటి వైభవం, దాన్ని చైనా యజమానికి అమ్మడం, ఆయన అప్పు తీర్చలేకపోవడంతో 2018లో క్లబ్ అమెరికాకు చెందిన ఎలియట్ ఫండ్ చేతికి రావడం... ఇదంతా ఫుట్‌బాల్ చూసేవాళ్లకు తెలిసిన కథే. ఎలియట్ నుంచి రెడ్‌బర్డ్ సంస్థ 2022 ఆగస్టులో 120 కోట్ల యూరోలకు క్లబ్‌ను కొంది. అందులో దాదాపు సగం ఎలియట్ అప్పుగా ఇచ్చిందే. రెడ్‌బర్డ్ అధిపతి జెర్రీ కార్డినాలే. అప్పటి క్లబ్ టెక్నికల్ డైరెక్టర్ పాత కెప్టెన్ పావ్లో మాల్దీనీ.

మాల్దీనీ ఎవరో చెప్పాల్సిన పని లేదు గానీ, ఒక్క అంకె గుర్తు చేసుకోవాలి. మిలాన్ చొక్కాతో 902 మ్యాచ్‌లు. తండ్రి చెజారే 1963లో మిలాన్ కెప్టెన్‌గా యూరోపియన్ కప్ ఎత్తాడు. తాను ఐదుసార్లు గెలిచాడు. కొడుకు డానియేలే కూడా 2022లో ఇటలీ లీగ్ టైటిల్ గెలిచిన జట్టులో ఆడాడు. అలాంటి మనిషిని తీసేస్తూ క్లబ్ ఇచ్చిన ప్రకటన నాలుగు ముక్కలే. ఆయన పనిని ఇకపై ఒక బృందం చూసుకుంటుందని, కోచ్‌తో కలిసి పనిచేస్తుందని, నేరుగా సీఈవోకు జవాబు చెబుతుందని అందులో ఉంది. సీఈవో జార్జో ఫుర్లానీ. ఎలియట్‌లో పనిచేసి వచ్చినవాడు, లెక్కల మనిషి. మాల్దీనీతోపాటు స్పోర్టింగ్ డైరెక్టర్ ఫ్రెడెరిక్ మస్సారా కూడా వెళ్లిపోయాడు.

ఈ ఘర్షణ 2023లో పుట్టింది కాదు. మూడేళ్ల ముందే ఒకసారి రాజుకుని ఆరిపోయింది. 2019 చివరి నెలల్లో జట్టు తడబడుతుంటే అప్పటి సీఈవో ఇవాన్ గాజిదిస్ జర్మనీకి చెందిన రాల్ఫ్ రాంగ్నిక్‌తో మంతనాలు మొదలుపెట్టాడు. కోచ్ పదవి, ఆటగాళ్ల ఎంపిక రెండూ ఆయనకే అప్పగించాలన్నది ఆలోచన. మాల్దీనీతో కలిసి పనిచేస్తున్న జ్వోనిమిర్ బోబన్ ఈ సంగతి పత్రికల ముందు బయటపెట్టి నిలదీశాడు. 2020 మార్చిలో అతన్ని తీసేశారు. మాల్దీనీ ఉండిపోయాడు. లాక్‌డౌన్ తర్వాత ఇబ్రహిమోవిచ్ ముందుండి నడిపిన ఆ జట్టు వరసగా గెలిచేసరికి జూలైలో రాంగ్నిక్ మాట పక్కనపెట్టి అప్పటి కోచ్ స్టెఫానో పియోలికే ఒప్పందం పొడిగించారు. మైదానంలో ఫలితం రాబట్టే ఆ రోజు మాల్దీనీ మాట నెగ్గింది. ఆఫీసులో మాత్రం ఆయన్ను నమ్మినవాళ్లు అప్పటికీ పెరగలేదు.

ఇప్పటి మెన్యాన్ వ్యవహారానికి అచ్చం అద్దంలాంటిది 2021 మే. అప్పటి గోల్‌కీపర్ డొన్నరుమ్మా ఒప్పందం కూడా ఇలాగే జూన్‌తో ముగుస్తోంది. క్లబ్ అకాడమీలోనే ఎదిగిన కుర్రాడు, పదహారేళ్లకే జట్టులోకి వచ్చినవాడు. ఏజెంట్ మీనో రాయోలా. ఏడాదికి 80 లక్షల యూరోలకు మించి ఇవ్వబోమన్నదే క్లబ్ చివరి మాట అని పత్రికలు రాశాయి. మే 23న చివరి మ్యాచ్‌లో అట్లాంటాను ఓడించి మిలాన్ ఏడేళ్ల తర్వాత ఛాంపియన్స్ లీగ్‌లో అడుగుపెట్టింది. మూడు రోజులకే డొన్నరుమ్మా వెళ్లిపోతున్నాడని మాల్దీనీ చెప్పేశాడు. ఆ మర్నాడే లీల్ నుంచి మెన్యాన్‌ను తెచ్చినట్టు ప్రకటన వచ్చింది. బతిమాలడం లేదు, నీళ్లు నమలడం లేదు. పోయేవాడి స్థానంలో ఎవరు రావాలో ముందే తేల్చుకున్న పద్ధతి అది. ఏడాది తిరిగేసరికి ఆ మెన్యాన్ గోల్ కాపలాలోనే 2022 మే 22న సస్సువోలోను ఓడించి మిలాన్ 19వ స్కుదెత్తో (ఇటలీ లీగ్ టైటిల్) గెలిచింది. ఇంటర్ కంటే రెండు పాయింట్లు ఎక్కువ.

ఆ జట్టును విప్పి చూస్తే మాల్దీనీ పనితనం తెలుస్తుంది. రియల్ మాడ్రిడ్‌లో చోటు దొరకని థియో హెర్నాండెజ్ సెలవుల్లో ఇబీసా ద్వీపంలో ఉంటే అక్కడికే వెళ్లి మాట్లాడాడు. ప్రపంచంలోనే గొప్ప లెఫ్ట్‌బ్యాక్ (ఎడమవైపు డిఫెండర్) అనిపించుకున్నవాడు ఇరవై ఒక్కేళ్ల కుర్రాడి దగ్గరికి నడిచివెళ్లి ‘మా దగ్గరికి రా’ అంటే ఏ లెఫ్ట్‌బ్యాక్ కాదంటాడు? లియాన్ నుంచి కలులూ వచ్చింది సుమారు ఐదు లక్షల యూరోలకే. ముప్ఫై నాలుగేళ్ల జిరూ పది లక్షలకు కాస్త అటూ ఇటూగా వచ్చి, టైటిల్ తేల్చిన మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టాడు. చిన్నప్పటి నుంచి మిలాన్ అభిమాని అయిన సాండ్రో టొనాలీ అక్కడే ఉండటానికి జీతం తగ్గించుకున్నాడు.

అంత చేసిన మనిషి ఒప్పందాన్ని ఎలా చూశారో గమనించాలి. టైటిల్ గెలిచిన నెలలోనే మాల్దీనీ పత్రికకు ఇంటర్వ్యూ ఇచ్చి, తనతోనూ మస్సారాతోనూ పొడిగింపు గురించి ఎవరూ మాట్లాడలేదని బాధపడాల్సి వచ్చింది. చివరికి జూన్ 30 రాత్రి, గడువు ముగిసేవేళ సంతకాలు జరిగాయి. ఆ ఆలస్యం ధర చిన్నది కాదు. కొత్త ఆటగాళ్లతో మాట్లాడాల్సిన వారాల్లో మాట్లాడాల్సినవాళ్లకే ఉద్యోగం ఉందో లేదో తెలియదు.

యజమానుల వైపు వాదన కూడా ఉంది, దాంట్లో బలం లేకపోలేదు. ఆ 2022 వేసవిలో మాల్దీనీ పట్టుబట్టి బ్రూజ్ నుంచి తెచ్చిన షార్ల్ డి కెటెలారెకు మూడు కోట్ల యూరోల పైన పోశారు. 40 మ్యాచ్‌ల్లో అతను ఒక్క గోల్ కూడా కొట్టలేదు. డొన్నరుమ్మా, చాల్హనోలు, కెసియె ముగ్గురూ మాల్దీనీ హయాంలోనే ఉచితంగా జారిపోయారు. వాళ్లలో చాల్హనోలు పోయింది ఏకంగా ఇంటర్‌కే. 2019-20లో క్లబ్ నష్టం 19 కోట్ల యూరోలకు పైనే. రెడ్‌బర్డ్ వచ్చిన తొలి సీజన్‌లో 61 లక్షల లాభం చూపించారు, పదిహేడేళ్లలో అదే మొదటిది. గణాంకాలతో ఆటగాళ్లను వెతకాలి, నిర్ణయాలు ఒక్కరి చేతిలో ఉండకూడదు అన్నది కార్డినాలే పద్ధతి.

అయితే డి కెటెలారె మరుసటి ఏడాదే అట్లాంటాకు అప్పుగా (లోన్ మీద) వెళ్లి 14 గోల్స్ కొట్టి యూరోపా లీగ్ గెలిచాడు. ఆటగాణ్ణి గుర్తించడంలో మాల్దీనీ పొరబడలేదు, నిలదొక్కుకునే సమయం దొరకలేదు అనే నేనంటాను. ఆయన్ను తీసేసిన సీజన్‌లో మిలాన్ ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ దాకా వెళ్లింది. ఇంటర్ చేతిలో 2-0, 1-0తో ఓడింది నిజమే, కానీ క్వార్టర్స్‌లో ఇటలీ ఛాంపియన్ కాబోతున్న నాపోలీని ఇంటికి పంపింది. ఆ ఓటమి తర్వాత జట్టుకు ఇంకా పెట్టుబడి కావాలన్నాడు మాల్దీనీ. ఇరవై రోజులకు ఆయనే లేడు. వెళ్లగొట్టడానికి మూడు రోజుల ముందు, జూన్ 2న, లెయావో 2028 దాకా సంతకం పెట్టాడు. నెలల తరబడి ఆ సంతకం కోసం తిరిగిందీ మాల్దీనీయే. డిసెంబర్‌లో లా రిపబ్లికా పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో ఆయన తన గోడు వెళ్లబోసుకున్నాడు. ఫుర్లానీతో పొసగకపోవడాన్ని తన తొలగింపుకు కారణంగా కార్డినాలే చూపించాడని చెప్పాడు.

2023 జూలై మొదటివారంలోనే టొనాలీని న్యూకాజిల్‌కు అమ్మేశారు, సుమారు ఏడు కోట్ల యూరోలకు. ఆ డబ్బుతో పులిసిచ్, రైండర్స్, లాఫ్టస్-చీక్, చుక్వెజె... ఒక్క వేసవిలో దాదాపు పదిమంది దిగారు. వీళ్లలో మంచివాళ్లు ఉన్నారు, రైండర్స్‌ను కాదనేవాడు లేడు. కానీ ఆ సీజన్‌లో ఇంటర్ 94 పాయింట్లతో టైటిల్ ఎగరేసుకుపోయింది, అదీ డెర్బీలోనే, మిలాన్‌ను వరసగా ఆరోసారి ఓడించి. రెండో స్థానంలో ఉన్న మిలాన్‌కు 75.

2024 వేసవిలో పేరున్న కోచ్ ఆంటోనియో కాంతే ఖాళీగా ఉన్నాడు. అభిమానులు అడిగారు. క్లబ్ వినిపించుకోలేదు. పావులో ఫొన్సెకాను కోచ్‌గా తెచ్చింది. కాంతే నాపోలీకి వెళ్లి అదే సీజన్‌లో టైటిల్ గెలిపించాడు. మిలాన్‌లో ఏం జరిగిందో ఒక్క దృశ్యం చెబుతుంది. 2024 ఆగస్టు 31, రోమ్, లాజియోతో మ్యాచ్. థియో, లెయావో ఇద్దరూ బెంచి మీద నుంచి వచ్చారు, లెయావో స్కోరు సమం చేశాడు. నీళ్లు తాగే విరామంలో జట్టంతా కోచ్ చుట్టూ చేరితే వాళ్లిద్దరు మాత్రం మైదానానికి అవతలి వైపే నిలబడిపోయారు. మనసులో ఏమీ లేదని తర్వాత సర్దిచెప్పుకున్నారు. ఆ ఇద్దర్నీ తెచ్చింది మాల్దీనీ. ఆయన ఉండగా ఇలాంటిది జరిగేదంటే నేను నమ్మను. డిసెంబర్ 29న రోమాతో డ్రా అయిన రాత్రే ఫొన్సెకా పని అయిపోయింది. ఆ సంగతి ప్రపంచానికి తెలిసింది కారు కిటికీలోంచి ఆయనే విలేకరులకు చెబితే.

కొత్త కోచ్ సెర్జియో కాన్సేసావ్ వచ్చిన వారంలోనే రియాద్‌లో ఇంటర్‌ను 3-2తో ఓడించి సూపర్ కప్ తెచ్చాడు గానీ ఆ ఊపు నిలవలేదు. 2025 మే 14న కోపా ఇటాలియా ఫైనల్‌లో బొలోన్యా చేతిలో ఓటమి, లీగ్‌లో ఎనిమిదో స్థానం. యూరప్ పోటీలకే దారి మూసుకుపోయింది. చివరి మ్యాచ్ రోజు సాన్ సీరో స్టేడియంలో కుర్వా సూద్ (దక్షిణ స్టాండ్) అభిమానులు తమ శరీరాలతోనే ‘గో హోమ్’ అని అక్షరాలు పేర్చి, కాసేపటికి స్టాండ్ ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఆ మాట యజమానులకే.

ఆ వేసవిలో రైండర్స్ మాంచెస్టర్ సిటీకి వెళ్లాడు. 2030 దాకా కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టి అప్పటికి మూడు నెలలే. థియో సౌదీలోని అల్ హిలాల్‌కు వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ, ఇది తన ఒక్కడి నిర్ణయం కాదనీ క్లబ్ పట్టిన దారి తన దారి కాదనీ రాసిపెట్టాడు.

ఎనిమిదో స్థానం చూశాక గానీ కార్డినాలేకు అర్థమైనట్టు లేదు. స్పోర్టింగ్ డైరెక్టర్ కుర్చీలో ఇగ్లీ తారేను కూర్చోబెట్టారు. 2011లో మిలాన్‌కు టైటిల్ తెచ్చిన అల్లెగ్రినే మళ్లీ పిలిచారు. ముప్ఫై తొమ్మిదేళ్ల లూకా మోద్రిచ్, చివరి రోజున రాబియో వచ్చారు. గణాంకాల పట్టిక ఏదీ మోద్రిచ్ వయసువాణ్ణి కొనమని చెప్పదు. 2026 జనవరిలో గాయపడ్డ స్ట్రైకర్ హిమెనెజ్ లోటు పూడ్చడానికి ముప్ఫై రెండేళ్ల ఫుల్‌క్రుగ్‌ను అప్పుగా తెచ్చిందీ ఇలాంటి ఆలోచనతోనే. ఫలితం పట్టికలో కనిపించింది. చెప్పకుండానే పాత దారిలోకి వచ్చారు, దారి వేసినవాడు మాత్రం బయటే ఉండిపోయాడు. మస్సారా 2025లో రోమా స్పోర్టింగ్ డైరెక్టర్ అయ్యాడు.

ఇక మెన్యాన్ సంగతి. 2025 నవంబర్‌లో ఇంటర్‌తో కలిసి సాన్ సీరోను 19.7 కోట్ల యూరోలకు నగరపాలక సంస్థ నుంచి కొన్నారు. కొత్త స్టేడియం కట్టాలి. ఎంత ఖర్చయినా ముందుముందు లాభం వస్తుందని లెక్క వేశారు. గోల్‌కీపర్ జీతానికీ అంత ఓపిగ్గా లెక్క వేస్తారా అన్నదే తేలాలి. ఆ జనవరిలో అతనితో మాట్లాడాల్సింది తారే, ఉండమని అడగగలిగినవాడు అల్లెగ్రి, డబ్బు మీద సంతకం ఫుర్లానీది, ఆ పైన కార్డినాలే. 2021లో డొన్నరుమ్మా పోతున్నాడన్న మాటకూ మెన్యాన్ వచ్చాడన్న ప్రకటనకూ మధ్య పట్టింది ఒక్క రాత్రే. ఈసారి చేతిలో ఆరు నెలలు ఉన్నాయి.