పిడికెడు ఉప్పుకు పొరలు లేచే వాకిలి

తిరుపతి కొర్లగుంట నుంచి ఒక పాఠకుడు అడిగారు: "డెట్రాయిట్ దగ్గర మా అబ్బాయి ఇల్లు కొని, సెప్టెంబరులో కారు దారికి కొత్త కాంక్రీటు వేయించాడు. మొదటి చలికాలం మంచు కరిగించడానికి ఉప్పు చల్లొద్దని కాంట్రాక్టరు చెప్పాడట. చుట్టుపక్కల వాళ్ళంతా చల్లుతున్నారు. ఉప్పుకూ కాంక్రీటుకూ ఏమిటి వైరం? పైగా మన దగ్గర పది రోజులు నీళ్ళు కట్టి ఉంచుతాం. అక్కడ ఒక్కరోజు కూడా కట్టలేదెందుకు?"

నీళ్ళ సంగతి త్వరగా తేల్చేద్దాం. సిమెంటు ఎండి గట్టిపడదు, నీళ్ళతో రసాయన చర్య జరిగి గట్టిపడుతుంది. బళ్ళో ఈ ఒక్క ముక్క సరిగా చెప్పకపోవడం వల్లే చాలామంది మూడో రోజుకే తడపడం మానేస్తారు. తిరుపతి ఎండకు కాంక్రీటులోని నీళ్ళు ఆవిరైపోతాయి కాబట్టి మడులు కట్టి నీళ్ళు నిలుపుతాం. మన ఐఎస్ 456 ప్రమాణం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పొడిగా వేడిగా ఉన్నచోట 10 రోజులు తడపమంటుంది. డెట్రాయిట్‌లో ఆ పనికి క్యూరింగ్ కాంపౌండ్ అనే తెల్లటి ద్రవాన్ని పిచికారీ చేస్తారు, లీటరుకు సుమారు 5 చదరపు మీటర్లు. లోపలి తడిని అది బయటికి పోనివ్వదు. గడ్డకట్టే రోజులు దగ్గర పడుతుంటే పైనుంచి ఇంకా నీళ్ళు పట్టించడం మంచిది కాదు.

ఇక ఉప్పు. అసలు ఆసక్తికరమైన విషయం ఇదే.

నీరు మంచుగా మారితే ఘనపరిమాణం 9 శాతం పెరుగుతుంది. కాంక్రీటులోని సన్నని రంధ్రాల్లో ఇది జరిగితే లోపలినుంచి ఒత్తిడి పుట్టి పగుళ్ళు వస్తాయి. అందుకే చలి దేశాల్లో కాంక్రీటు కలిపేటప్పుడే ఒక మందు వేసి, కంటికి ఆనని గాలి బుడగలు పుట్టిస్తారు. 20 మిల్లీమీటర్ల కంకర వాడిన కాంక్రీటులో ఇవి దాదాపు 6 శాతం ఉండాలి. గడ్డకడుతున్న నీటికి పక్కకు తప్పుకునే చోటు 0.2 మిల్లీమీటర్ల లోపే దొరకాలి. అమెరికా సిమెంటు పరిశోధకుడు టి.సి. పవర్స్ 1940లలో ఈ లెక్కలు కట్టాడు. మన పాఠ్యపుస్తకాలు 9 శాతం దగ్గరే ఆగిపోతాయి, కానీ దానితో ఉప్పు చిక్కుముడి వీడదు. ఉప్పునీరు సున్నా కంటే దిగువన గాని గడ్డకట్టదు కదా, అలాంటప్పుడు ఉప్పు వేస్తే నష్టం తగ్గాలి. కానీ పెరుగుతుంది, కాంక్రీటు పై పొర రేకులుగా లేస్తుంది. అంతకంటే వింత, నష్టం అన్నిటికంటే ఎక్కువగా ఉండేది నీళ్ళలో ఉప్పు 3 శాతం దగ్గర ఉన్నప్పుడు. ఉప్పు అంతకంటే బాగా ఎక్కువైతే పొరలు లేవడం తగ్గుతుంది!

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో వలెంజా, షెరర్ అనే ఇద్దరు 2000ల మధ్యలో దీనికి చక్కని వివరణ ఇచ్చారు. దాన్ని మన వీధిగోడ మీదే చూడొచ్చు. సున్నం కొట్టిన గోడకు మైదా బంక మందంగా పూసి పోస్టరు అంటిస్తారు. బంక ఆరుతూ ముడుచుకుంటుంది, గోడ ముడుచుకోదు. ఆ లాగుడుకు బంక పొర ఎక్కడో చీలుతుంది. చీలిక అంచులు పైకి లేస్తూ కింది సున్నాన్ని రేకులు రేకులుగా పెరుక్కుని వస్తాయి. వాకిట్లో మంచు పొర చేసే పని అచ్చంగా ఇదే. చలి పెరిగేకొద్దీ మంచు కాంక్రీటు కంటే అయిదు రెట్లు ఎక్కువగా కుంచించుకుపోతుంది. మీటరు పొడవుకు 10 డిగ్రీలు చల్లబడితే కాంక్రీటు 0.1 మిల్లీమీటరు తగ్గుతుంది, మంచు 0.5 తగ్గాలని చూస్తుంది. కింద అతుక్కుని ఉంది కాబట్టి తగ్గలేక బిగుసుకుంటుంది.

ఇప్పుడు బంకను మూడు రకాలుగా ఊహించండి. చీలనంత గట్టి బంకైతే లాగుడును తట్టుకుని అలాగే నిలుస్తుంది, గోడకు ఏమీ కాదు. మంచినీటి మంచు ఇలాంటిది. మరీ పలచని బంకకు సున్నాన్ని పెరికే సత్తువే ఉండదు. ఉప్పు బాగా ఎక్కువైన మంచు ఇలాంటిది, మధ్యలో ఉప్పునీళ్ళు మిగిలిపోయి మెత్తగా ఉంటుంది. ఈ రెండిటికీ నడుమ ఉన్నదే ప్రమాదం: చీలేంత బలహీనం, అయినా పెరికేంత గట్టి. 3 శాతం ఉప్పు మంచు సరిగ్గా అక్కడ ఉంటుంది. చీలిక మంచులో మొదలై కాంక్రీటు పై పొరలోకి దిగి, అడ్డంగా తిరిగి, గోరంత రేకును లేపుతుంది.

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు మందాన నీళ్ళుంటే అది ఒక లీటరు. దాన్ని 3 శాతానికి తేవడానికి 30 గ్రాములు, అంటే పిడికెడు ఉప్పు చాలు. ఎక్కువ చల్లినా లాభం లేదు. మంచు కరిగేకొద్దీ ఉప్పునీరు పలచబడుతూ మధ్యాహ్నానికి ఆ 3 శాతానికే దిగుతుంది, రాత్రికి గడ్డకడుతుంది. మార్చిలో పగలు కరిగి రాత్రి గడ్డకట్టే రోజులు వరసగా వస్తాయి. పొరలు లేవడం ఎక్కువగా కనబడేది అప్పుడే.

మీ అబ్బాయి ఉప్పు చల్లకపోయినా కారు తెస్తుంది. రోడ్డు మీది ఉప్పు బురద చక్రాల పైన, బంపరు కింద పేరుకుని, కారు ఆపిన చోట కరిగి కారుతుంది. కాబట్టి ఆ మడుగును రబ్బరు పలకతో వెంటనే దారి పక్కకు తోసేయాలి. సాయంత్రంలోగా ఆరిపోయేంత ఎండ ఉన్న రోజున పైపుతో కడిగేయాలి. మంచును ప్లాస్టిక్ అంచున్న పారతో, కారు తొక్కి అణగకముందే తీసేయాలి. గడ్డను గునపంతో కొట్టకూడదు. జారకుండా ఉండటానికి ఇసుక చల్లితే చాలు. దుకాణంలో దొరికే ఇతర మంచు మందుల సంచుల మీద ఏముందో చదవాలి. అమ్మోనియం సల్ఫేటు, అమ్మోనియం నైట్రేటు ఉంటే ముట్టుకోవద్దు. పొలానికి మేలు చేసే ఈ ఎరువులు సిమెంటును నేరుగా తినేస్తాయి. కాల్షియం క్లోరైడు, మెగ్నీషియం క్లోరైడు కూడా సిమెంటుతో రసాయనికంగా కలబడేవే.

పోస్టరు లాగినప్పుడు ఊడేది బలం లేని సున్నమే. కాంక్రీటులోనూ అంతే, పై రెండు మూడు మిల్లీమీటర్ల బలమే అంతా తేలుస్తుంది. మన మేస్త్రీలు పైకి ఊరిన నీటి మీద పొడి సిమెంటు చల్లి తాపీతో నున్నగా మెరిసేలా రుద్దుతారు. తిరుపతి వరండాలో అది చెల్లుతుంది. చలి ఊళ్ళో అదే పని చేస్తే ఊరిన నీరు, గాలి లోపలే చిక్కుకుని పై పొర గుల్లబారుతుంది. అక్కడ ఊరిన నీరు ఆరేదాకా ఆగి, చీపురుతో గీతలు లాగి వదిలేయాలి. 50 కిలోల బస్తాకు 22.5 లీటర్లకు మించి నీళ్ళు పోయకూడదు. మన ఇళ్ళకు వాడే ఎం20, అంటే 20 మెగాపాస్కళ్ళ బలమున్న కాంక్రీటు, అక్కడ చాలదు. ఉప్పు, మంచు రెండూ తగిలే కాంక్రీటుకు కనీసం 28 మెగాపాస్కళ్ళ బలం రావాలి. కొత్తదానికి ఆ బలం అప్పటికి పూర్తిగా వచ్చి ఉండకపోవచ్చు, కలిపిన నీళ్ళూ లోపల ఇంకా ఆరి ఉండవు. మొదటి చలికాలం ఉప్పు వద్దనడానికి కారణం ఇది.

కార్తీకంలో మంచి రోజు చూసి పోయించాలనుకునే మనవాళ్ళు అక్కడా ఉన్నారు. డెట్రాయిట్‌లో కార్తీకమంటే రాత్రుళ్ళు సున్నాకు దిగే కాలం. 3.5 మెగాపాస్కళ్ళ బలమైనా రాకముందే ఒక్కసారి గడ్డకట్టినా ఆ కాంక్రీటు జీవితాంతం బలహీనమే. ముహూర్తం పంచాంగంలో కాదు, థర్మామీటరులో చూడాలి. అలాగే కొత్త వాకిలి అడ్డంగా పగిలితే దిష్టి తగిలిందని గుమ్మడికాయ కడతారు. 100 మిల్లీమీటర్ల మందపు కాంక్రీటుకు రెండున్నర, మూడు మీటర్లకొకటి చొప్పున, 25 మిల్లీమీటర్ల లోతున, మొదటి రోజే గాడి కోయకపోతే అది తనకు తోచినచోట పగులుతుంది.

నీరు ఇంకకుండా సైలేన్ పూత వేయించడం మంచిదే. 28 రోజులు నిండాలి, రెండు రోజులు పొడిగా ఉండాలి, ఉష్ణోగ్రత 5 డిగ్రీల కంటే దిగకూడదు. సెప్టెంబరు కాంక్రీటుకు అక్టోబరు చివర కొద్ది రోజులే అదను ఉంటుంది. ముందు నాలుగు చుక్కల నీళ్ళు పోసి చూడాలి. ఇంకకుండా గుండ్రంగా నిలిస్తే క్యూరింగ్ కాంపౌండ్ ఇంకా ఉన్నట్టే, దాన్ని తీయకుండా సైలేన్ వేస్తే డబ్బు దండగ. లీటరు 3 నుంచి 5 చదరపు మీటర్లకు వస్తుంది, కాబట్టి రెండు కార్ల దారికి, సుమారు 60 చదరపు మీటర్లకు, 12 నుంచి 20 లీటర్లు కావాలి. మెరుపు కోసం వేసే అక్రిలిక్ పూత వద్దు. లోపలి ఆవిరిని బయటికి పోనివ్వదు, తడిస్తే జారుతుంది.

ఇప్పటికే రేకులు లేచి ఉంటే పైన పలచగా సిమెంటు పాలు పూయొద్దు, వచ్చే చలికాలానికి అదీ లేస్తుంది. వేసవిలో వదులుగా ఉన్నదంతా వైరు బ్రష్షుతో తీసేసి, కడిగి, ఆరనిచ్చి సైలేన్ పట్టించాలి. కంకర బయటపడేంత లోతుగా పోయి ఉంటే పాలిమర్ కలిపిన మరమ్మతు మిశ్రమం వేయించాలి, లేదా గాడి నుంచి గాడిదాకా ఆ ఒక్క పలకను పగలగొట్టి కొత్తగా పోయించాలి.